రేకుల షెడ్డు కబుర్లు

మా మనవరాలు బుజ్జి చదివే దివ్యాంగ పిల్లల బడి కబుర్లు అప్పుడప్పుడూ ఇక్కడ రాస్తూనే ఉంటాను. ఈసారి, పిల్లల్ని దింపి సాయంత్రం దాకా ఆ బడి షెడ్డులో కూర్చునే ఆడవాళ్ళు నిలదీశారు. "బాబాయిగారూ, పిల్లల ఆటలపోటీలు రాస్తారు, వినాయకచవితికి చేసిన మట్టిబొమ్మలు రాస్తారు. మా గురించి ఎప్పుడు రాస్తారు?" అన్నారు. న్యాయమే. అందుకని పిల్లల సంగతులు ముక్తసరిగా చెప్పేసి పెద్దవాళ్ళ దగ్గరికి వస్తాను.

డిసెంబర్ 3న దివ్యాంగుల దినోత్సవం ఆటల్లో మా బడికి సాఫ్ట్‌బాల్ విసరడంలో ఒకటి, పరుగులో ఒకటి బహుమతులొచ్చాయి. బుజ్జి వాకర్ నడకలో పాల్గొంది. సగం దూరం బాగానే వెళ్ళింది, అంతలో మైదానం పక్కన ఐస్‌క్రీం బండి కంటపడింది, అటు తిరిగింది. బహుమతి రాలేదు గానీ ఐస్‌క్రీం వచ్చింది. దీపావళికి పెద్దపిల్లలు రంగులేసిన ప్రమిదలన్నీ అమ్ముడుపోయాయి. ఆ డబ్బులు కవర్లలో పెట్టి ఎవరి కష్టం వాళ్ళకిచ్చారు. ఒకడైతే ఆ కవరు ఇంకా విప్పలేదని, రాత్రిపూట దిండు కింద పెట్టుకుంటున్నాడని వాళ్ళమ్మ చెప్పింది.

కొత్తగా చదివేవాళ్ళకి మా సంగతి కాస్త చెప్పాలి. మాది తెనాలి. బుజ్జి మా అమ్మాయి కూతురు, పదమూడేళ్ళు. పుట్టగానే ఏడవలేదు. ఏడాది దగ్గర పడుతున్నా మెడ నిలబడకపోతే డాక్టర్లు చూసి సెరిబ్రల్ పాల్సీ అన్నారు, అంటే మెదడుకి దెబ్బ తగిలి ఒళ్ళు అదుపులో ఉండకపోవడం. ఇప్పుడు కాళ్ళకి స్ప్లింట్లు కట్టుకుని వాకర్ పట్టుకుని నడుస్తుంది. మాటలు కొన్నే వచ్చు గానీ ఆ కొన్నిటితోనే ఇల్లంతా నడిపిస్తుంది. మొదట్లో మా మండలంలోని భవిత కేంద్రానికి, అంటే ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే చోటికి, తీసుకెళ్ళేవాళ్ళం. అక్కడ టీచరు మంచిదే, కానీ ఫిజియోథెరపీ వారానికొక్కసారి. అందుకని గుంటూరులో ప్రత్యేక పాఠశాలలో చేర్చాం. మా అమ్మాయికి వార్డు సచివాలయంలో ఉద్యోగం, అల్లుడిది ఊళ్ళు తిరిగే పని. తపాలా శాఖలో సబ్ పోస్టుమాస్టరుగా రిటైరయిన నేను ఖాళీగానే ఉన్నాను కాబట్టి రోజూ దాన్ని తీసుకెళ్ళి తీసుకొచ్చే డ్యూటీ నాకు పడింది.

ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో 2025 ఆగస్టు 15 నుంచి ఉచిత ప్రయాణం వచ్చింది కదా, అప్పట్నుంచి మా ఇద్దరికీ కలిపి డబ్బిచ్చి కొనే టికెట్టు ఒక్కటే, అది నాది. కండక్టరు ఇచ్చే జీరో టికెట్టుని బుజ్జి గుంటూరు దాకా గుప్పిట్లోంచి వదలదు. ఈ పథకం వల్ల మా షెడ్డుకి జరిగిన మేలు చిన్నది కాదు. చార్జీలకి వెనకాడి వారంలో రెండు మూడు రోజులే పిల్లల్ని తెచ్చే తల్లులు ఇప్పుడు రోజూ వస్తున్నారు. తిప్పలు కూడా ఉన్నాయి. బస్సులు కిటకిటలాడుతున్నాయి. నారాకోడూరులో ఎక్కే అమ్మాయికి పదేళ్ళ కొడుకుని చంకనేసుకుని నిలబడ్డా నోరు విప్పాలంటే మొహమాటం. దివ్యాంగుల సీటని పైన రాసి ఉన్నా అందులో కూర్చున్నవాళ్ళని లేవమనలేదు. నాకు ఆ మొహమాటం లేదు. కౌంటర్లో కూర్చుని లైన్లు సరిచేసిన గొంతు ఇంకా పనికొస్తోంది.

ఇక షెడ్డు. బడి గేటు దాటగానే ఎడం పక్క ఉంటుంది. పాత వ్యాను నిలపడానికి వేశారు. తర్వాత కొన్న వ్యాను అందులో పట్టలేదు, షెడ్డు మాకు మిగిలింది. మేమంటే, పొద్దున పిల్లల్ని దింపి సాయంత్రం దాకా ఇంటికెళ్ళి రాలేనంత దూరం నుంచి వచ్చేవాళ్ళం. తెనాలి, పొన్నూరు, సత్తెనపల్లి, ప్రత్తిపాడు వైపు నుంచి వస్తారు. దాదాపు అందరూ తల్లులే, ఒకరిద్దరు అమ్మమ్మలున్నారు. మగాణ్ణి నేనొక్కణ్ణే. మొదట్లో నన్ను చూస్తే కొంగులు సర్దుకుని మాటలాపేవారు. ఫారాలు నింపడం నాకొచ్చని తెలిశాక ఆ ఇబ్బంది పోయింది.

ఈ నెల షెడ్డులో పెద్ద చర్చ పద్దెనిమిదేళ్ళ గురించి. పొన్నూరు వైపు నుంచి వచ్చే ఒకావిడ కొడుక్కి నవంబరులో పద్దెనిమిది నిండాయి. వాడు సంతకం చేయలేడు, డబ్బు లెక్క తెలియదు. బ్యాంకుకి వెళ్తే "మేజరయ్యాడమ్మా, ఇక మీరు సంతకం పెడితే చెల్లదు" అన్నారు. "నేను వాడి కన్నతల్లినండీ" అందట. అక్కడ దానికి ఏ కాలమూ లేదు. కోర్టుకెళ్ళాలేమో, లాయరుకి ఎంతవుతుందో అని ఆవిడ రెండు రాత్రులు నిద్రపోలేదు.

కోర్టు అక్కర్లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ప్రతి జిల్లాలో కలెక్టరు ఆధ్వర్యంలో స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. కలెక్టరుతో పాటు ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు అందులో ఉంటారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్ళకి పద్దెనిమిది దాటాక చట్టబద్ధమైన గార్డియన్‌ని ఆ కమిటీయే నియమిస్తుంది. దరఖాస్తు పేరు ఫారం ఏ. వైకల్య ధ్రువపత్రం, వయసు రుజువు, చిరునామా, ఫొటోలు జతచేయాలి. ఆ సర్టిఫికెట్ చూపిస్తే బ్యాంకులో పని నడుస్తుంది. షెడ్డులోనే కూర్చుని నింపాం. ఆవిడ పేరు రాసే చోట చెయ్యి వణికి, "మీరే రాయండి బాబాయిగారూ" అంది. రాయలేదు. మీ అబ్బాయికి గార్డియన్ మీరు, నేను కాదు అన్నాను. తనే రాసుకుంది.

నాకు కోపం వచ్చిన విషయం ఒకటుంది. ఆ కుర్రాడు ఆరో ఏట నుంచి ఇదే బడిలో ఉన్నాడు. పుట్టినతేదీ ఆఫీసు రిజిస్టరులో ఉంది. ఏడాది ముందే ఒక కాగితం ఇంటికి పంపితే ఆ తల్లికి ఈ బాధ ఉండేది కాదు. పెద్ద మేడంతో ఆ మాటే అన్నాను. ఆవిడ నొచ్చుకోలేదు, వెంటనే రిజిస్టరు తెప్పించి పదిహేడు దాటినవాళ్ళ పేర్లు రాయించారు. ఇకనుంచి పదిహేడో పుట్టినరోజుకి చాక్లెట్లతో పాటు ఆ కాగితం కూడా ఇంటికెళ్తుంది.

ఆ మాటల్లోనే ఇంకో సంగతి బయటపడింది. రైల్వేలో చేసి చనిపోయిన భర్త తాలూకు ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటున్న ఒకావిడ, "నా తర్వాత వాడికేం మిగలదు" అంటూ ఉంటుంది. ప్రభుత్వోద్యోగి పిల్లల్లో సొంతంగా సంపాదించుకోలేని వైకల్యం ఉన్నవాళ్ళకి ఆ కుటుంబ పెన్షన్ జీవితాంతం వస్తుందని, తల్లి బతికుండగానే పీపీఓలో, అంటే పెన్షన్ మంజూరు కాగితంలో, పేరు చేర్పించుకుంటే తర్వాత తిరగాల్సిన పని తగ్గుతుందని చెప్పాను. ఆవిడ నమ్మలేదు, మా అమ్మాయి ఫోనులో నిబంధన చూపిస్తే గానీ. పిల్లలకే గానీ మనవలకి ఆ వీలు లేదు. నా పెన్షన్ బుజ్జికి రాదు. ఆ రూలు ఎక్కడైనా మారిందేమోనని అప్పుడప్పుడూ చదువుతుంటాను, అందుకే కంఠతా వచ్చు.

పింఛన్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం. మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2024లో మూడు వేల నుంచి ఆరు వేలయింది. షెడ్డులో చాలామందికి ఆ ఆరు వేలే ఆటో ఖర్చు, ఫిట్స్ మందు, డైపర్లు. 2025లో పింఛన్ల పునఃపరిశీలన మొదలయ్యాక టెన్షన్ మామూలుగా లేదు. ప్రత్తిపాడు వైపు అమ్మాయికి పిల్లాడిని మళ్ళీ పరీక్షకి తీసుకురమ్మని కబురొచ్చింది. వాడికి ఆటిజం. డాక్టరు ముందు బుద్ధిగా కూర్చుంటే "బాగానే ఉన్నాడుగా" అంటారేమోనని ఆవిడ భయం. రోజూ అల్లరి చేస్తున్నాడని తిట్టే తల్లి ఆ రోజు పొద్దున్నే, "నాయనా, ఇవాళొక్కరోజు నీ ఇష్టమొచ్చినట్టుండు" అని బతిమాలిందట. చెప్పేటప్పుడు నవ్వింది, మేమూ నవ్వాం.

ఆ పరీక్ష తర్వాత షెడ్డులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రతి పిల్లకీ ఒక ప్లాస్టిక్ ఫైలు. అందులో సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వ వైకల్య ధ్రువపత్రం), యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) జిరాక్సు, ఐక్యూ రిపోర్టు, థెరపీ కాగితాలు, ఈ ఏడాది టీచరు రాసిచ్చిన కాగితం. ఆ టీచరు కాగితమే ముఖ్యమని నా అభిప్రాయం. తనంతట తాను అన్నం తింటాడా, బాత్‌రూమ్ అవసరం చెప్పగలడా, రోడ్డు దాటగలడా అనేవి రాసుంటాయి. పది నిమిషాలు చూసే డాక్టరుకి అవి తెలిసే దారి లేదు. మా అమ్మాయి ప్రతి నెలా ఒకటో తారీఖున తెల్లారకముందే పింఛన్లు పంచడానికి బయల్దేరుతుంది. ఏ ఇంట్లో ఏ కాగితం దొరక్క గోల పడుతున్నారో దానికి తెలుసు. ఫైలు ఆలోచన దానిదే, పేరు నాకొచ్చింది.

యూడీఐడీ కార్డు రంగుల మీద కూడా షెడ్డులో అపోహలున్నాయి. పసుపు కార్డు వాళ్ళకి ఏదో తక్కువని, నీలం వాళ్ళు అదృష్టవంతులని. వైకల్యం నలభై శాతం నుంచి ఎనభై లోపు ఉంటే పసుపు, ఎనభై ఆ పైన నీలం, అంతే. నీలం కార్డు వచ్చిందని సంతోషపడే పరిస్థితి ఏ తల్లికీ రాకూడదని ఒక అమ్మమ్మ అంటే ఎవరూ మాట్లాడలేదు.

రెండేళ్ళ క్రితం బడిలో "కుటుంబాలకు అండగా" అని పెద్ద సభ పెట్టారు. బయటి నుంచి ఒకాయన వచ్చాడు. ప్రొజెక్టరు, బొమ్మలు. ప్రత్యేకమైన తల్లులని చూసే దేవుడు ఇలాంటి పిల్లల్నిస్తాడన్నాడు. ఓర్పు గురించి చాలాసేపు చెప్పాడు. నా పక్కన కూర్చున్న సత్తెనపల్లి ఆవిడ గట్టిగానే అంది, "అయితే ఆ దేవుణ్ణి వారానికో పూట వచ్చి వీడి దగ్గర కూర్చోమనండి, నేను పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళొస్తాను" అని. పన్ను నొప్పితో ఆవిడ ఎన్నాళ్ళుగా బాధపడుతోందో అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

నేను చెప్పదలచుకున్నది నిజానికి ఇదే. ఈ తల్లులకి ఓర్పు గురించి చెప్పక్కర్లేదు. వాళ్ళకి కావలసింది ఒక పూట తీరిక, తమకంటే రెండేళ్ళు ముందు అదే దారిన వెళ్ళిన ఇంకో తల్లి. రెండూ ఈ షెడ్డులో దొరుకుతున్నాయి. బడివాళ్ళు దీన్ని పిల్లల్ని దింపినవాళ్ళు ఊరికే కూర్చునే చోటుగా చూడటం మానేసి బడిలో ఒక తరగతి గదిలా చూడాలి. పెద్ద మేడంకి ఈ మాట మెల్లగా ఎక్కుతోంది. ఫ్యాను వచ్చింది, నోటీసు బోర్డు వచ్చింది. బుధవారాలు మధ్యాహ్నం ఒక టీచరమ్మ వచ్చి గంటసేపు కూర్చుంటోంది. రెండో శనివారం పూట ఇద్దరు తల్లులు, ఆయమ్మ కలిసి పిల్లల్ని చూసుకుంటారు, మిగతావాళ్ళు ఎటైనా వెళ్ళి రావచ్చు. మొదటిసారి సత్తెనపల్లి ఆవిడ పన్ను పీకించుకుంది. ఇంకొకావిడ ఎక్కడికీ వెళ్ళలేదు, షెడ్డులోనే చాప పరుచుకుని ఒంటిగంట దాకా నిద్రపోయింది. లేపబోతే ఆయమ్మ ఊరుకోలేదు.

బుధవారాల్లో అన్నిటికంటే పనికొచ్చింది ఫిట్స్ గురించి చెప్పిన రోజు. మన వైపు ఎవరికైనా ఫిట్స్ వస్తే ముందు తాళాలగుత్తి కోసం వెతుకుతారు. చేతిలో ఇనుము పెడితే ఆగుతుందని నమ్మకం. నోట్లో చెంచా కుక్కేవాళ్ళున్నారు. టీచరమ్మ ఒక బొమ్మని నేల మీద పడుకోబెట్టి చూపించింది. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తటిది పెట్టాలి, నోట్లో ఏదీ పెట్టకూడదు, కాళ్ళూ చేతులూ గట్టిగా అదిమిపట్టకూడదు, గడియారం చూసుకోవాలి. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకుండానే ఇంకోటి వచ్చినా వెంటనే 108కి ఫోను. అదయ్యాక నేనడిగాను, వ్యాను డ్రైవరుకి ఎవరు చెప్తారని. ఆ రోజు సాయంత్రమే ఆయన్నీ క్లీనర్నీ కూర్చోబెట్టి చెప్పారు. తర్వాత కొన్నాళ్ళకి బస్టాండు దగ్గర ట్రాఫిక్‌లో వ్యానులో ఒక పాపకి ఫిట్స్ వచ్చింది. డ్రైవరు పక్కకి ఆపి అచ్చం అలాగే చేశాడు. రెండు నిమిషాల్లో తగ్గిపోయింది. పక్కనున్న ఆటోవాళ్ళు తాళాలు తెచ్చిస్తే, "జేబులో పెట్టుకో బ్రదరూ" అన్నాడట.

మందు సీసాల విషయం కూడా అప్పుడే తేలింది. ఒకరికి సిరప్ అయిపోతే ఇంకొకరు తమది కాస్త పోసివ్వడం షెడ్డులో మామూలే, మజ్జిగ ఇచ్చినట్టే ఇచ్చేవారు. బరువుని బట్టి మోతాదు మారుతుంది, ఒకరిది ఒకరికి ఇవ్వకూడదు, అలాగని ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే అని టీచరమ్మ గట్టిగా చెప్పింది. ఇప్పుడు బోర్డు మీద సీసా బొమ్మ వేసి ఒక గీత గీశాం. సీసాలో మందు ఆ గీత కిందికి దిగితే, అంటే వారానికి సరిపడా మిగిలితే, కొత్తది తెచ్చుకోవాలి.

తండ్రుల సంగతి రాయకపోతే ఆడవాళ్ళు ఒప్పుకోరు. తండ్రుల సమావేశం అని ఎన్నిసార్లు నోటీసు పెట్టినా వచ్చేది ఒకరో ఇద్దరో. వచ్చినవాళ్ళు కూడా గోడకానుకుని ఫోను చూసుకునేవాళ్ళు. వానాకాలంలో షెడ్డు కారింది. పెద్ద మేడం ఈసారి సమావేశం అనే మాట తీసేసి, రేకులు బాగుచెయ్యాలి, శనివారం సాయంత్రం ఎవరైనా రాగలరా అని కబురు పెట్టారు. బిలబిలమంటూ వచ్చారు. ఒకరు వడ్రంగి, ఒకరు కరెంటు పని, ఒకరు ఆటో, ఒకరు బళ్ళో మాస్టారు. మాస్టారికి ఏ పనీ రాదు, నిచ్చెన పట్టుకున్నాడు. పని అయ్యాక మిరపకాయ బజ్జీలు, టీ. అప్పుడు నోళ్ళు విచ్చుకున్నాయి. వడ్రంగి ఆయన తన కూతురు పుట్టిన ఏడాదంతా ఇంటికి ఆలస్యంగా వెళ్ళేవాణ్ణని, ఏడ్చే పిల్లని చూడలేక అడితిలోనే కూర్చునేవాణ్ణని చెప్పాడు. ఎవరూ తప్పు పట్టలేదు. మాస్టారు మాట మార్చడానికో ఏమో, ఆదాయపు పన్నులో 80డీడీ కింద వైకల్యం ఉన్న బిడ్డ కోసం 75,000, వైకల్యం ఎనభై శాతమో ఆ పైనో ఉంటే 1,25,000 తగ్గింపు ఉంటుందని, అయితే పాత పద్ధతిలో ఉంటేనే అని మొదలుపెట్టాడు. ఆటో ఆయన, "సార్, మాకు పన్ను పడే రోజు రానివ్వండి" అన్నాడు.

ఆ సాయంత్రం తర్వాత వడ్రంగి ఆయన ఫిజియో మేడం దగ్గర కొలతలు తీసుకుని ఒక మూల కుర్చీ చేసుకొచ్చాడు. వెనక రెండు చెక్కలు ఎల్ ఆకారంలో కలుస్తాయి, పిల్ల అటూ ఇటూ ఒరిగిపోకుండా భుజాల్ని పట్టి ఉంచుతాయి. కాళ్ళ మధ్య చిన్న దిమ్మె, ముందు పళ్ళెం పెట్టుకునే బల్ల. కొనాలంటే వేలల్లో ఉంటుంది. ఆయన మిగిలిపోయిన టేకు ముక్కలతో చేశాడు. ఇప్పటికి అలాంటివి కొన్ని తయారయ్యాయి.

మామూలుగా కుర్చీలూ వాకర్లూ ప్రభుత్వ క్యాంపుల్లో ఉచితంగా వస్తాయి. మంచివే. కానీ కొలతలు తీసుకున్న రోజుకీ చేతికిచ్చే రోజుకీ మధ్య పిల్లలు ఆగరు కదా, పెరిగిపోతారు. అందుకని షెడ్డులో మార్పిడి పెట్టాం. బుజ్జి మొదటి వాకర్ ఇప్పుడు మూడో పిల్ల దగ్గరుంది. బుజ్జి దాన్ని చూసినప్పుడల్లా "నాది" అంటుంది, ఇచ్చేస్తే మాత్రం తీసుకోదు. స్ప్లింట్లు మాత్రం మార్చుకోవడానికి లేదు, ఎవరి కాలి అచ్చు వాళ్ళదే.

పెళ్ళిసంబంధాల సీజన్ కదా, ఇంకో గొడవ. ఒకావిడ పెద్దమ్మాయికి సంబంధం వచ్చింది. పెళ్ళిచూపులకి వచ్చేరోజు చిన్నవాణ్ణి పిన్నిగారింటికి పంపమని చుట్టాల సలహా. షెడ్డు రెండుగా చీలిపోయింది. ముందు కుదరనివ్వండి, తర్వాత మెల్లగా చెప్పొచ్చని సగం మంది. దాచిన సంబంధం నిలవదని సగం మంది. చివరికి పెద్దమ్మాయే తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంది. వాళ్ళు కాఫీ తాగి, ఇది వంశపారంపర్యంగా వచ్చేదా అని అడిగి వెళ్ళారు. మళ్ళీ ఫోను లేదు. ఆ ప్రశ్నకి ఏం చెప్పాలో ఫిజియో మేడంని అడిగారు. సెరిబ్రల్ పాల్సీ సాధారణంగా కాన్పు ముందో కాన్పు సమయంలోనో పసిబిడ్డగానో మెదడుకి తగిలిన దెబ్బ వల్ల వచ్చేదని, అక్కకి పుట్టే పిల్లలకి దానివల్ల వస్తుందని అనుకోనక్కర్లేదని ఆవిడ చెప్పారు. ఆ జవాబుతో రెండో సంబంధానికి సిద్ధంగా ఉన్నారు. దాచొద్దన్న సగంలో నేనూ ఉన్నాను గానీ, నా కూతురి పెళ్ళి అయిపోయింది కాబట్టి తేలిగ్గా అన్నానేమో.

కార్తీకమాసంలో మా షెడ్డు ఒక బిడ్డని పోగొట్టుకుంది. ఏడేళ్ళవాడు. నిమ్ము చేసి నాలుగు రోజుల్లో పోయాడు. మింగడం సరిగా రాని పిల్లలకి అన్నం గాలిగొట్టంలోకి వెళ్ళి ఊపిరితిత్తులకి పట్టేస్తుందన్న భయం ఎప్పుడూ ఉంటుంది. అందరం కలిసి వెళ్ళొచ్చాం. ఆ తల్లి ఇక రాదనుకున్నాం. పెద్దకర్మ అయిన కొన్నాళ్ళకి ఒక పొద్దున గేటు దగ్గర నిలబడి ఉంది. ఎందుకొచ్చావని ఎవరు అడుగుతారు? ఆరేళ్ళుగా ఆవిడకి తెలిసిన మనుషులంతా ఇక్కడే ఉన్నారు. ఎవరో టిఫిన్ డబ్బా మూత తీసి ముందు పెట్టారు. మర్నాడూ వచ్చింది.

ఇప్పుడు ఆవిడ చిన్నపిల్లల గదిలో జీతానికి పనిచేస్తోంది. అన్నం తినిపించే పని. పిల్లని నిటారుగా కూర్చోబెట్టి, తల వెనక్కి వాలకుండా గడ్డం కింద రెండు వేళ్ళు ఆనించి, చిన్న చెంచాతో పెట్టి, మింగిందాకా ఆగి, అప్పుడు రెండోది. ఆ ఓపిక ఆవిడకున్నంతగా ఎవరికీ లేదు. దుఃఖంలో ఉన్న మనిషికి అదే పని ఇస్తారా అని షెడ్డులో కొందరికి ఇప్పటికీ కోపమే. ఆవిడే అడిగి పెట్టించుకుందని పెద్ద మేడం చెప్పారు. ఏది సరో నాకు తెలియదు. మధ్యాహ్నం అన్నాల వేళ ఆ గదిలో దగ్గుల చప్పుడు తగ్గింది, అంతమటుకు నేను చెప్పగలను.

ఇక రాబోయే రోజుల పనులు. నిరామయ ఆరోగ్య బీమా ఉన్నవాళ్ళందరూ మార్చి 31 లోపు రెన్యువల్ చేయించుకోండి. ఏడాదికి లక్ష రూపాయల దాకా, ఆసుపత్రి ఖర్చే కాదు, థెరపీలకీ ఓపీకీ కొంత వస్తుంది. ముందస్తు పరీక్షలేవీ అడగరు. ఇది నేషనల్ ట్రస్ట్ వాళ్ళది, పైన చెప్పిన నాలుగు రకాల వైకల్యాలకే. వినికిడి సమస్య ఒక్కటే ఉన్న పిల్లలకి వర్తించదు, అలాంటి పిల్ల తల్లి ఒకావిడ మొన్న ఫారం తెచ్చుకుని నిరాశపడింది. బిల్లులు పారేయకండి, మందుల చీటీతో కలిపి పిన్ను కొట్టి ఉంచండి.

సికింద్రాబాద్ బోయినపల్లిలోని నీపిడ్‌కి, పాతవాళ్ళు ఎన్‌ఐఎంహెచ్ అంటారే, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ, అక్కడికి ఒకట్రెండు కుటుంబాలు పరీక్షలకి వెళ్దామనుకుంటున్నాయి. రైల్లో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకీ వెంట వెళ్ళే ఒకరికీ స్లీపరులో 75 శాతం రాయితీ ఉంది. దానికి రైల్వేవాళ్ళ నమూనాలో ప్రభుత్వ డాక్టరు సంతకం ఉన్న సర్టిఫికెట్టు కావాలి, సదరం కాగితం ఒక్కటే చూపిస్తే కుదరదు. నమూనా నా దగ్గరుంది, జిరాక్సు తీసుకోండి.

తండ్రుల పని శనివారం ఈ నెల కూడా ఉంది. ఈసారి ర్యాంపు పక్కన పట్టుకునే కడ్డీ బిగించాలి, వెల్డింగ్ తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. బజ్జీలు ఖాయం.

చివరిగా, కొత్తగా చేరిన పదేళ్ళ పాపకి సీపీ కుర్చీ, అంటే సెరిబ్రల్ పాల్సీ పిల్లల చక్రాల కుర్చీ, కావాలి. ఎవరింట్లోనైనా అటక మీద వాడకుండా ఉంటే షెడ్డుకి చేర్చండి. చక్రం విరిగినా పర్వాలేదు, బెల్టులు తెగినా పర్వాలేదు. వడ్రంగి ఆయన చూసుకుంటానన్నాడు.